ఉస్మానియా బిస్కెట్ ఇంట్లో: ఉప్పు దగ్గర భయపడొద్దు

ఉస్మానియా బిస్కెట్ అనగానే అందరూ కుంకుమపువ్వు ఎంత వేయాలని అడుగుతారు. అది వేయకపోయినా బిస్కెట్ కుదురుతుంది. ఉప్పు తగ్గితే మాత్రం ఏదో ఒక తీపి బిస్కెట్ వస్తుంది, అంతే. తీపి నాలుకకు తగిలిన వెంటనే సన్నగా ఉప్పదనం తెలియాలి. ఇరానీ చాయ్‌తో జోడీ కుదిరేది దానివల్లే.

మా బాపు హైదరాబాద్‌లో పని పడినప్పుడల్లా నాంపల్లిలో అరకిలో డబ్బా కట్టించుకుని కాజీపేట రైలెక్కేవాడు. నాకు బేకరీ పిచ్చి అలా అంటుకుంది. దిల్‌పసంద్, క్రీమ్ బన్, ఫ్రూట్ బిస్కెట్, ఎగ్ పఫ్... ఏదీ వదలను. కానీ కొత్తగా ఓటీజీ, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్, కొన్నవాళ్లకు మొదట ఉస్మానియానే చేయమంటాను. పఫ్‌కు లాగా పొరలు మడిచే పని లేదు, కేక్ పొంగుతుందో లేదోనన్న టెన్షన్ లేదు.

మైదా 150 గ్రాములు, వెనిలా కస్టర్డ్ పౌడర్ 25, పాలపొడి 20, మెత్తగా పొడి చేసిన చక్కెర 60, ఉప్పు లేని వెన్న 100 గ్రాములు తీసుకోండి. బేకింగ్ పౌడర్ అర చెంచా, ఉప్పు అర చెంచా, చిటికెడు యాలకుల పొడి. రెండు చెంచాల గోరువెచ్చని పాలలో నాలుగు కుంకుమపువ్వు రేకులు నానేయండి. వీటితో 20 బిస్కెట్లు దాటే వస్తాయి. పసుపురంగు అమూల్ బటర్ వాడితే అందులో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి విడిగా చిటికెడు చాలు. కప్పులతో కొలవకండి, చిన్న డిజిటల్ కాటా కొనండి. కప్పులో మైదా ఒకసారి వదులుగా పడుతుంది, ఒకసారి గట్టిగా దిగుతుంది.

కస్టర్డ్ పౌడర్ ఎందుకంటారా? అందులో ఎక్కువ భాగం కార్న్‌ఫ్లోరే. దానికి మైదాలా సాగే గుణం లేదు కాబట్టి బిస్కెట్ గుల్లగా విరుగుతుంది. ఆ లేత పసుపు రంగు కూడా దానిదే. ఊరికే కుంకుమపువ్వుకు పేరొస్తుంది.

మెత్తబడిన వెన్న, చక్కెర పొడి కలిపి రంగు తెల్లబడేదాకా నాలుగు నిమిషాలు గిలకొట్టండి. పాలు పోసి, పొడులన్నీ జల్లించి వేయండి. ఇక వేళ్లతో దగ్గరికి తీసుకోవడమే, పిసకొద్దు. పిసికిన కొద్దీ మైదాలోని జిగురు బలపడి బిస్కెట్ గట్టిపడుతుంది. ముద్దకు కవరు చుట్టి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. మన ఎండాకాలంలో వెన్న చేతిలోనే కరిగిపోతుంది కాబట్టి మే నెలలో అయితే తెల్లవారుజామునే కలపడం మేలు.

రెండు బటర్ పేపర్ల మధ్య ముద్ద పెట్టి, చపాతీ కర్రతో చిటికెన వేలు మందాన ఒత్తండి. పలచగా ఒత్తితే కరకరలాడే కుకీ అవుతుంది. ఉస్మానియా అలా ఉండదు, పంటి కింద పొడిపొడిగా రాలాలి. చిన్న స్టీలు గ్లాసుతో గుండ్రంగా కోసి, పైన పాలు రాయండి. 170 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ముందే వేడెక్కిన ఓటీజీలో మధ్య అరలో ట్రే పెట్టండి. పదహారు నుంచి పద్దెనిమిది నిమిషాలు పడుతుంది కానీ గడియారాన్ని నమ్ముకోకండి. అంచులు బంగారు రంగుకు తిరిగి, నడుమ ఇంకా లేతగా ఉన్నప్పుడే తీసేయాలి. ముట్టుకుంటే మెత్తగా ఉంటుంది, ఉడకలేదేమో అనిపిస్తుంది. ఉడికింది. ట్రేలోనే పది నిమిషాలు వదిలేస్తే గట్టిపడుతుంది.

ఈ పేరు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ది. 1911 నుంచి 1948 దాకా పాలించినాయన. ఆయనకు ఇష్టమని కొందరు, ఉస్మానియా ఆసుపత్రిలో రోగులకు పెట్టడానికి పుట్టిందని కొందరు చెబుతారు. చాయ్ చల్లారేదాకా వాదించుకోవడానికి రెండూ మంచి కథలే.

చాయ్ అన్నాను కాబట్టి అదీ చెప్తాను. డికాక్షన్‌ను మూతపెట్టి సన్నని సెగ మీద దమ్ చేయండి. పాలు విడిగా చిక్కబడేదాకా మరిగించి, కప్పులోనే రెండూ కలపండి. బిస్కెట్‌ను సగం ముంచి వెంటనే తీయాలి. ఆలస్యమైతే అడుగున చెంచాతో వెతుక్కోవాల్సిందే, మా అత్తమ్మకు అదే ఇష్టం అనుకోండి.

పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. వేడి మీద మూతపెడితే ఆవిరికి మెత్తబడతాయి. వానాకాలంలో ఎలాగూ చెమ్మ పడుతుంది, అప్పుడు 150 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు వేడిచేసి చల్లారనిస్తే మళ్లీ గుల్లగా అవుతాయి.