కేదార్‌కంఠ పోతున్నారా? బాటిల్ తలకిందులుగా పెట్టండి

డిసెంబర్, జనవరిలో హనుమకొండ, కాజీపేట వైపు నుంచి కేదార్‌కంఠ ట్రెక్‌కు పోయేవాళ్లకు ఒక మాట. ఉత్తరాఖండ్‌లోని ఆ శిఖరం దాదాపు 12,500 అడుగులు, శిఖరం ఎక్కేది తెల్లవారుజామున, చీకట్లో, మైనస్ చలిలో. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి బాటిల్‌ను బ్యాగులో మూత కిందికి వచ్చేలా పెట్టుకుంటే గడ్డ బాటిల్ అడుగు వైపు, అంటే ఇప్పుడు పైకి ఉన్న వైపు కడుతుంది, మూత దగ్గర నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. మూత మాత్రం గట్టిగా బిగించాలి, లేకపోతే బట్టలన్నీ తడుస్తాయి, అక్కడ తడి బట్టలంటే మామూలు కష్టం కాదు. పైపు ఉన్న నీళ్ల సంచులు వద్దు, ముందు ఆ పైపే గడ్డకడుతుంది. ఫోన్, పవర్‌బ్యాంక్ లోపలి జేబులో ఒంటికి ఆనుకుని ఉండాలి, రాత్రి స్లీపింగ్ బ్యాగులోకి కూడా తీసుకోండి, చలికి ఛార్జింగ్ చూస్తుండగానే పడిపోతుంది. పొద్దెక్కాక మంచు మీద ఎండ కళ్లలోకి కొడుతుంది, నల్ల కళ్లద్దాలు తప్పనిసరి.

హనుమకొండలోని పద్మాక్షి గుట్ట మెట్లు రోజూ ఎక్కితే కాళ్లకు బలం వస్తుంది, మంచిదే, కానీ ఎత్తుకు ఒళ్లు అలవాటు పడడం వేరే సంగతి. తలనొప్పి, వాంతులు మొదలైతే ఫొటోల కోసం ఆగకుండా గైడ్‌కు చెప్పి కిందికి దిగండి.