రాకు గిన్నెను అద్దం అవతల నుంచి చూడటం ఎలా

రాకు అంటే జపాన్ టీ వేడుక కోసం చేత్తో చేసే మట్టి గిన్నెలు. వాటికోసం క్యోటోలోని రాకు మ్యూజియానికి మొదటిసారి వెళ్ళినప్పుడు ఇరవై నిమిషాల్లో బయటికొచ్చేశాను. నాకు చూడటం రాలేదు, అంతే. ఆ తర్వాత కొన్నాళ్ళు జపాన్ టీ వేడుక నేర్పే క్లాసుల్లో కూర్చుని మళ్ళీ వెళితే రెండు గంటలు చాలలేదు.

ముందు ఇంట్లోనే ఒక పని చేయండి. స్టీలు గ్లాసులో వేడి కాఫీ పోసి పట్టుకోండి, వేళ్ళు చుర్రుమంటాయి. అదే కాఫీ దళసరి మట్టి గిన్నెలో పోసి రెండు అరచేతులతో చుట్టి పట్టుకోండి. వేడి నెమ్మదిగా, కాలకుండా చేతికొస్తుంది. రాకు గిన్నె ఉన్నది ఇందుకే. ఈ సంగతి చేతికి తెలిశాక కంటికి పని తేలిక.

అక్కడికి వెళ్ళాక నిలబడి చూడకండి, మోకాళ్ళు వంచండి. జపాన్‌లో అతిథి టీ తాగాక గిన్నెను పైకెత్తి చూడడు. జారినా పగలకుండా చాపకు దగ్గరగా, మోచేతులు మోకాళ్ళకి ఆనించి, తానే వంగి చూస్తాడు. మీ కన్ను గిన్నె అంచుకి సమంగా రావాలి. (నేను మరీ ముందుకు వంగి నుదురు అద్దానికి టక్కున కొట్టుకున్నాను. గార్డు నవ్వలేదు, పాపం.)

ఆ ఎత్తు నుంచి చూస్తే అంచు సమంగా లేదని తెలుస్తుంది. ఎక్కడో లేస్తుంది, ఎక్కడో దిగుతుంది. కుమ్మరి సారె మీద చేసింది కాదు మరి. మట్టి బిళ్ళను చేతులతో పైకి తెచ్చి, కాస్త ఆరాక చెక్కుతారు. ఆ చెక్కుడు జాడలు పక్కల మీద వెతకండి. నల్ల గిన్నెలైతే ఎర్రగా కాలుతుండగానే పట్టకారుతో కొలిమిలోంచి లాగేస్తారు. పట్టకారు కరిచిన చోట చిన్న మచ్చ మిగులుతుంది. అది లోపం కాదు, నేనైతే ముందు దాన్నే వెతుకుతాను. ఆ నలుపు వచ్చింది కామో నది రాళ్ళ పొడి నుంచి.

గిన్నె పక్కన పెట్టిన వివరాల కార్డు చివర్లో చదవండి. పదహారో శతాబ్దంలో టీ వేడుక గురువు సెన్ నో రిక్యూ (1522–1591) కోసం ఈ గిన్నెలు మొదలుపెట్టినవాడు చోజిరో. ఆయన గిన్నె నలుపు మెరవదు, వెలుతురును మింగేస్తుంది. రాకు వంశంలో మూడో తరం వాడైన దోన్యూ (1599–1656) నలుపు తడిగా నిగనిగలాడుతుంది. ఆ ఇద్దరివీ ఒకే గదిలో కనిపిస్తే మిగతావన్నీ వదిలేసి, ఆ రెంటి మధ్యే అటూ ఇటూ తిరగండి.

ముందుగా బుక్ చేసుకున్నవాళ్ళ చేతికి గిన్నె ఇచ్చే కార్యక్రమం కూడా అక్కడ ఒక్కోసారి పెడతారు. కుదిరితే వదులుకోవద్దు. ఉంగరాలు, వాచీ, గాజులు ఇంటి దగ్గరే తీసి వెళ్ళండి. నా బంగారు గాజులు రావడానికి సబ్బు కావాల్సి వచ్చింది.