సీడీఎల్ ప్రీ-ట్రిప్ పాఠాలు – 4: ఆ ఒక్క నిమిషం ఎప్పుడు మొదలవుతుంది?

సీడీఎల్ అంటే అమెరికాలో పెద్ద లారీలు, బస్సులు నడపడానికి కావాల్సిన లైసెన్సు. ప్రీ-ట్రిప్ అంటే దాని పరీక్షలో బండి కదిలే ముందు చేసి చూపించే తనిఖీ. ఈసారి కప్లింగ్ గురించి, అంటే ముందున్న లారీకి (ట్రాక్టర్) వెనక ట్రైలర్‌ని తగిలించడం గురించి చెబుతానన్నాను. చెబుతాను, కానీ చివర్లో, కొంచెమే. పోయిన పాఠం చదివి ఎయిర్ బ్రేక్ చెక్ ప్రాక్టీస్ చేసినవాళ్ళలో చాలామంది ఒకే చోట తడబడ్డారు: పెడల్ తొక్కి పట్టుకునే ఆ ఒక్క నిమిషం ఎప్పుడు మొదలవుతుందన్న చోట. లైట్ల దగ్గరో బెల్టుల దగ్గరో ఒకటి రెండు పాయింట్లు పోయినా గట్టెక్కొచ్చు. ఎయిర్ బ్రేక్ చెక్ తప్పితే మాత్రం ఆ రోజుకి పరీక్ష అయిపోయినట్టే.

చక్రాలకి చాక్స్ (బండి దొర్లకుండా పెట్టే అడ్డుదిమ్మలు) పెట్టడం, గాలి 125 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా ఎక్కించడం మీకు తెలుసు. తర్వాత ఇంజిన్ ఆపి, స్టార్ట్ చెయ్యకుండా తాళం ఆన్‌లో పెట్టండి. పసుపు నాబ్ (పార్కింగ్ బ్రేకుది), ఎర్ర నాబ్ (ట్రైలర్‌కి గాలి పంపేది) రెండూ లోపలికి నొక్కండి. ఎర్రది మర్చిపోతే ట్రైలర్‌కి గాలే వెళ్ళదు, మీరు చూసింది సగం బండినే. ఇంజిన్ ఆపకపోతే కంప్రెసర్ గాలి నింపుతూనే ఉంటుంది, లీకు ఉన్నా బయటపడదు.

ఇక అసలు చిక్కు. బ్రేక్ పెడల్ తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకుని, గాలి ఎంత పోతుందో గేజ్‌లో చూడాలి. తొక్కగానే ట్యాంకుల్లోని గాలి కొంత బ్రేక్ ఛాంబర్లలోకి (చక్రాల దగ్గర గాలితో బ్రేకు పట్టించే డబ్బాలు) పోతుంది, గేజ్ ముల్లు టక్కున పడుతుంది. అది లీకు కాదు, బ్రేకు పట్టడానికి ఖర్చయిన గాలి. ముల్లు నిలబడ్డాకే నిమిషం మొదలవుతుంది. 125 ఉన్నది తొక్కగానే 116కి వచ్చి ఆగిందనుకోండి. మీ లెక్క 116 నుంచి. నిమిషం తర్వాత 114 ఉంటే పోయింది 2, బండి బాగానే ఉంది. 110 ఉంటే 6 పోయింది, ఆ బండి కదలకూడదు. ట్రాక్టర్-ట్రైలర్‌కి 4 దాటకూడదు, ట్రైలర్ లేని బండికి 3. కాలు తీసేసి చూసే స్టాటిక్ చెక్‌కి ఇవే 3, 2 అవుతాయి. ఈ రెండు జతలూ కలిపేసుకుంటున్నారు. కాలు పెడల్ మీద ఉంటే పెద్ద అంకె అని గుర్తుంచుకోండి, చాలు.

కొందరు గేజ్ వైపు చూడకుండానే "ఫోర్ పీఎస్‌ఐ ఇన్ వన్ మినిట్" అని అప్పజెప్పేసి, ఇరవై సెకన్లకే కాలు తీసేస్తున్నారు. నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఇదే. మీకు మాట గుర్తుందా అని కాదు ఎగ్జామినర్ చూసేది, బండిని నిజంగా చూశారా అని. ముల్లు నిలబడగానే ఆ అంకెను పైకి చెప్పండి. నిమిషం అయ్యాక రెండో అంకె చెప్పండి. గేజ్ మీద వేలు పెట్టి చూపించండి. చేతికి సెకన్ల ముల్లున్న వాచీ పెట్టుకోండి, మనసులో లెక్కపెడితే టెన్షన్‌లో నిమిషం చిన్నదైపోతుంది.

తర్వాత పెడల్ మాటిమాటికీ తొక్కుతూ గాలి దించండి. 55 కన్నా కిందికి పోకముందే వార్నింగ్ రావాలి. తాళం ఆన్‌లో లేకపోతే అది రాదు. ఇంకా తొక్కుతూ పోతే 20 – 45 మధ్య నాబ్‌లు బయటికి తన్నుకు రావాలి.

కప్లింగ్: ట్రైలర్ ఏప్రన్‌కీ (ట్రైలర్ ముందు భాగం అడుగు పలక) ఫిఫ్త్ వీల్‌కీ (దాన్ని మోసే ట్రాక్టర్ మీది పళ్ళెం) మధ్య వెలుతురు కనబడకూడదు. లాకింగ్ జాస్ (ఫిఫ్త్ వీల్‌లోని పట్టు దవడలు) కింగ్‌పిన్ (ట్రైలర్ అడుగున ఉండే ఉక్కు పిన్ను) షాంక్ చుట్టూ, అంటే దాని సన్నని మెడ చుట్టూ మూసుకున్నాయో లేదో వెనకనుంచి టార్చ్ వేసి చూడండి. పక్కన నిలబడి "లాక్ అయింది" అనేస్తే సరిపోదు, అక్కణ్ణుంచి అది కనబడదు. రిలీజ్ ఆర్మ్, గ్లాడ్ హ్యాండ్స్, గాలి గొట్టాల సంగతి వచ్చే పాఠంలో.

ప్రాక్టీస్: పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, మీరు నోరు తెరవకముందే రెండు రీడింగులూ వాళ్ళ చేత కాగితం మీద రాయించండి. చెక్ మొత్తం ఇంగ్లిష్‌లోనే పైకి చెప్పండి. పరీక్షలో దుభాషిని పెట్టుకోనివ్వరు. వాళ్ళు రాసినవీ మీరు చెప్పినవీ వరసగా ఐదుసార్లు కలవాలి. నాలుగోసారి తప్పితే మళ్ళీ ఒకటి నుంచి.