కొన్న బోటును కూలి సరంగుతో తెప్పించుకునే ముందు

జూన్ 14తో సముద్రంలో చేపల వేట నిషేధం ముగుస్తుంది. కాకినాడలో పాత బోటు కొని, సరంగును (బోటు నడిపేవాణ్ని) పెట్టి సముద్రం మీద శ్రీకాకుళం జిల్లా భావనపాడు తెప్పించుకునేవాళ్లు ఇవి చూసుకోండి.

– ముందు ఇన్సూరెన్స్. కాగితాలు పాత ఓనరు పేరునే ఉండగా దారిలో బోటు పోతే క్లెయిమ్ రావడం గగనం. కళాసీలకు (బోటు మీద పనివాళ్లకు) ప్రమాద బీమా ఉందో లేదో కూడా అడగండి.

– తేదీ మీద పట్టుబట్టకండి. "ఆదివారం ముహూర్తం, ఎలాగైనా తెచ్చేయ్" అంటే మంచి సరంగు కూడా వాతావరణ హెచ్చరికను పక్కన పెడతాడు. ముహూర్తం ఇంకోటి దొరుకుతుంది.

– మన మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) తెలిసినవాడేనా? ఇసుక మేటలు చోటు మారుతుంటాయి. ఎంత అనుభవం ఉన్నా కొత్తవాడైతే ఊరి మనిషి ఒకరు తోడుండాలి, పోటు మీదే, అంటే నీళ్లు పెరిగే వేళే, లోపలికి రావాలి.

– డీజిల్ ట్యాంకు కడిగించండి. రేవులో నిలకడగా ఆడిన ఇంజనే కెరటాల్లో ఆగిపోతుంది: అడుగున పేరుకున్న మడ్డి లేచి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. రెండు ఫిల్టర్లు అదనంగా పెట్టండి.

– గాలివానకు విశాఖలో ఆగితే రోజుకూలి, తిండి ఖర్చు ఎవరివి? బయల్దేరకముందే వాట్సాప్‌లో రాసుకోండి. సగం డబ్బు బోటు చేరాకే.

– లైఫ్ జాకెట్లు తలకొకటి. కోస్ట్‌గార్డ్ నంబరు 1554.