ద్రాక్ష, వైన్ పరిశోధనకు నిధులు: గుంటూరు, విజయవాడల నుంచి దరఖాస్తు ఎలా చేయాలి?

ఫిబ్రవరిలో విజయవాడ కేదారేశ్వరపేట పండ్ల మార్కెట్‌కి వెళ్లినప్పుడల్లా నా సంచిలో రిఫ్రాక్టోమీటర్ ఉంటుంది. జానెడు గొట్టం, ఒక కొసన ఏటవాలు అద్దం. పండును చిదిమి రసం బొట్టు అద్దం మీద వేసి, మూత దించి, వెలుతురు వైపు పెట్టి చూస్తే లోపల నీలం, తెలుపు కలిసే చోట గీత కనబడుతుంది. ఆ గీత ఎంత మీద ఆగితే రసంలో సుమారుగా నూటికి అన్ని పాళ్లు చక్కెర. దాన్నే బ్రిక్స్ అంటారు. ఒకసారి ఒకే గుత్తిలో భుజాల దగ్గరి పండు 18 చూపించింది, కొసన ఉన్నది 15 దగ్గరే ఆగిపోయింది. కొట్టు యజమాని అది చూసి, “దానికి గొట్టం ఎందుకు మేడం? తెలిసినవాడు ఎప్పుడూ అడుగు పండే కొరికి చూస్తాడు” అన్నాడు.

పరిశోధన ప్రతిపాదన మొదలు కావాల్సింది ఇలాంటి మాటతోనే. గుంటూరులో మైక్రోబయాలజీ పాఠాలు చెబుతూ ఈ దరఖాస్తులు రాస్తున్నాను, పిల్లల చేత రాయిస్తున్నాను. చాలామంది ముందు ఫారం తెరిచి, తర్వాత ప్రశ్న కోసం వెతుక్కుంటారు. నేనూ అదే చేశాను. నా మొదటి ప్రతిపాదన పేరు “ద్రాక్ష నాణ్యత, వైన్ ఉత్పాదకతల మెరుగుదల”. అందులో ఏడు లక్ష్యాలు. ఏ రకం, ఏ తోట, ఏ కాపు అన్నది ఒక్కచోటా లేదు. అది తిరిగి రావడమే న్యాయం.

ముందు ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

ఆ వాక్యంలో రకం పేరు, కొలిచే అంశం, పోల్చే పద్ధతి, మూడూ ఉండాలి. ఒక ఉదాహరణ చెబుతాను. ఎర్ర వైన్ పులియడానికి 25 నుంచి 30 డిగ్రీల వేడి సరిపోతుంది, తెల్ల వైన్‌కి ఇంకా చల్లగా 12 నుంచి 18 ఉండాలి. పులిసేటప్పుడు రసం దానంతటదే వేడెక్కుతుంది. మార్చిలో మన ఊళ్లో ఏసీ లేని గదిలో పెడితే ఆ వేడికి ఈస్ట్ నీరసించి, చక్కెర మిగిలుండగానే పులియడం ఆగిపోవచ్చు. మరి మన తాటికల్లు ఇదే ఎండలో, చెట్టు మీద కుండలోనే పులుస్తోంది కదా? ఆ కల్లులోని ఈస్ట్‌ను వేరు చేసి, బెంగళూరు బ్లూ ద్రాక్ష రసంలో వేసి, 30, 35 డిగ్రీల దగ్గర బజారులో దొరికే వైన్ ఈస్ట్‌తో పోల్చితే ఏది చక్కెరను పూర్తిగా వాడుకుంటుంది? ఇది ఒక ప్రతిపాదనకు సరిపడే ప్రశ్న. మన ప్రాంతం నుంచే పుట్టింది, మన ల్యాబ్‌లోనే తేలుతుంది.

తోట విషయంలో నేల విడిచి సాము చేయొద్దు. ద్రాక్షకు పొడి వాతావరణం కావాలి. మన కోస్తాలో అక్టోబరు, నవంబరుల్లో వానలు, తుపాన్లు. సరిగ్గా అప్పుడే కత్తిరించిన తీగ లేత చిగుళ్లు వేస్తుంది, బూజు తెగులుకి అంతకంటే అనువైన అదను ఉండదు. గుంటూరు నల్లరేగడిలో ఆరుబయట వైన్ ద్రాక్ష ప్రయోగమని రాస్తే చదివేవాళ్ల మొదటి సందేహం అక్కడే పుడుతుంది. తోట పనిని అనంతపురం వైపు రైతుతో గానీ, పుణె దగ్గర మంజరిలో 1997లో ఏర్పాటైన జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం వాళ్లతో గానీ కలిసి పెట్టుకోండి. రసం, ఈస్ట్, తెగులు, పురుగుమందుల అవశేషాల పరీక్ష, పిప్పి వినియోగం లాంటివి ఇక్కడ చేయండి. మంజరి వాళ్లకు రాసేటప్పుడు “సహకరించండి” అని ఊరుకోకుండా ఏ పనిలో ఎన్ని రోజుల సాయం కావాలో రాయండి. అలా రాస్తేనే అవునో కాదో చెప్పగలుగుతారు.

ఎవరిని అడగాలి?

మీరు ఎవరన్నదాన్ని బట్టి తలుపు మారుతుంది.

విశ్వవిద్యాలయంలోనో కాలేజీలోనో రెగ్యులర్ ఉద్యోగంలో ఉంటే అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ ప్రకటనలు చూడండి. పరిశోధనకు నిధులిచ్చేందుకు 2023 చట్టంతో వచ్చిన కేంద్ర సంస్థ ఇది, అంతకుముందు ఆ పని చేసిన సెర్బ్ అనే బోర్డు ఇందులో కలిసిపోయింది. ఈస్ట్, జన్యువులు, తెగుళ్ల పని అయితే కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కూడా ఉంది. లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం వారిని సహ పరిశోధకులుగా కలుపుకుంటే, తోట తెలిసిన మనిషి ఉన్నారని ప్రతిపాదన చదివినవారికి నమ్మకం కుదురుతుంది.

సొంతంగా ఏదైనా తయారుచేసి అమ్మాలనుకుంటే కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కిందే ఉన్న బైరాక్ అనే సంస్థ వారి బిగ్ గ్రాంటు ఉంది. 18 నెలలకు గరిష్ఠంగా 50 లక్షల రూపాయలు ఇస్తారు. ఆర్‌కేవీవై-రఫ్తార్ అనే కేంద్ర వ్యవసాయ పథకం కింద వ్యవసాయ స్టార్టప్‌లకు ఆలోచన దశలో 5 లక్షలు, తర్వాతి దశలో 25 లక్షల వరకు అని పెట్టారు. అది ఇంక్యుబేటర్ల (స్టార్టప్‌లకు చేయూతనిచ్చే కేంద్రాల) ద్వారా వస్తుంది, ముందు శిక్షణ ఉంటుంది. మొత్తాలు, అర్హతలు ప్రకటన ప్రకటనకూ మారతాయి కాబట్టి పాత పీడీఎఫ్ చూసి రాయొద్దు.

డిగ్రీ లేని రైతు పందిరికో పనిముట్టుకో కొత్త ఉపాయం కనిపెడితే గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఉంది. దాని పేరు మన పల్లెల్లో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

విదేశాల పద్ధతి కూడా ఒకసారి చూడండి, రాత మారుతుంది. ఆస్ట్రేలియాలో ద్రాక్ష రైతులు, వైన్ తయారీదారులు కట్టే లెవీకి (తప్పనిసరి రుసుముకి) ప్రభుత్వం పరిశోధన కోసం తన వాటా కలుపుతుంది, వైన్ ఆస్ట్రేలియా ఆ డబ్బును పంచుతుంది. కాలిఫోర్నియాలో 1978లో మొదలైన అమెరికన్ వైన్‌యార్డ్ ఫౌండేషన్‌కి పరిశ్రమ వాళ్లే విరాళాలిస్తారు. అక్కడ జేబులోంచి డబ్బు తీసేది తోట యజమాని. “నా వరసలో దీనివల్ల ఏం మారుతుంది?” అని ఆయన అడిగితే ఏం చెబుతారో ఆ జవాబును మన ఫారంలోనూ మొదటి పేజీలోనే రాయండి.

తీగ క్యాలెండర్, ప్రభుత్వ క్యాలెండర్

ఇది మాత్రం నిదానంగా చదవండి. నేను ఒక ఏడాది పోగొట్టుకుని నేర్చుకున్నది ఇదే.

మన దక్షిణాదిలో ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు. ఏప్రిల్ ప్రాంతంలో చేసేది తీగను సిద్ధం చేయడానికి. అక్టోబరు ప్రాంతంలో చేసేది కాయ కోసం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోత. నిధుల మంజూరు పత్రం ఈ లెక్క చూసుకుని రాదు. నాకు ఒకసారి నవంబరు చివర్లో వచ్చింది. మొదటి విడత డబ్బు ఖాతాలో పడేసరికి తోటలో గుత్తులు వేలాడుతున్నాయి. కత్తిరింపు మీద ప్రయోగం కాబట్టి మళ్లీ అక్టోబరు దాకా చేయగలిగింది ఏమీ లేదు. మూడేళ్ల ప్రాజెక్టులో మూడు కాపులు చూస్తానని రాసినదాన్ని, రెండే చూశాను.

అందుకని ఇప్పుడు పని ప్రణాళికలో నెలల పేర్లు రాయను. “ఆమోదం జూన్‌లోపు వస్తే ఇలా, అక్టోబరు దాటితే ఇలా” అని రెండు వరసలుగా పట్టిక వేస్తాను. రెండో వరసలో మొదటి ఆరు నెలలూ ల్యాబ్ పని. కల్లు నమూనాల సేకరణ, ఈస్ట్ వేరుచేయడం, పద్ధతులు సరిచూసుకోవడం లాంటివి పెడతాను. అలా రాయడం సమర్థించుకోవడంలా కనిపిస్తుందేమోనని మొదట భయపడ్డాను. కానీ పంట తెలిసినవారికి అది ముందుచూపుగానే కనిపిస్తుంది.

రెండో చిక్కు మార్చి 31. పండు ఫిబ్రవరి, మార్చిల్లో వస్తుంది, పులియబెట్టే పని మార్చిలో నడుస్తుంది, ఆర్థిక సంవత్సరం అప్పుడే ముగుస్తుంది. సీసాలు, రసాయనాలు, రవాణా బిల్లులన్నీ మార్చి ఆఖరి రెండు వారాల్లో మీద పడతాయి. కొనగలిగినవి డిసెంబరులోనే కొని పెట్టుకోండి.

బడ్జెట్: జాడీల నుంచి లెక్క కట్టండి

పైన చెప్పిన కల్లు ఈస్ట్ ప్రశ్ననే తీసుకుందాం. కల్లు నుంచి రెండు ఈస్ట్‌లు, బజారుది ఒకటి, మొత్తం మూడు. రెండు వేడిమిలు. ప్రతిదీ మూడుసార్లు. అంటే 18 జాడీలు. ఒక్కోదానిలో 4 లీటర్ల రసం పోస్తే 72 లీటర్లు. కిలో పండుకు 600 మిల్లీలీటర్ల రసం వస్తుందనుకుంటే 120 కిలోల ద్రాక్ష కావాలి. కుళ్లిపోయేది, ముందు పరీక్షలకు వాడేది కలిపి 150 కిలోలని రాయండి. ఈ లెక్కను ఫారంలో ఇలాగే చూపించండి. “ముడి సరుకు: 2 లక్షలు” అని ఒక్క ముక్క రాస్తే దాన్ని కోసేయడం సులువు. 150 కిలోలు ఎందుకో రాసినప్పుడు కోయడానికి కారణం వెతకాల్సి వస్తుంది.

పరికరాల్లో బీఓడీ ఇంక్యుబేటర్ (లోపలి వేడిని ఒకే స్థాయిలో ఉంచే పెట్టె) అడిగితే దానితోపాటు యూపీఎస్ కూడా అడగండి. ఎండాకాలంలో రెండు గంటలు కరెంటు పోతే 30 డిగ్రీల ప్రయోగం 30 డిగ్రీలది కాకుండా పోతుంది. కొటేషన్లు జీఎస్టీతో కలిపి తీసుకోండి. ప్రభుత్వ సంస్థ అయితే కొనుగోలు జెమ్ పోర్టల్ ద్వారా చేయాల్సి రావచ్చు, ఆ పరికరం అందులో ఉందో లేదో ముందే చూడండి. జేఆర్‌ఎఫ్ (ప్రాజెక్టులో పనిచేసే జూనియర్ పరిశోధక) విద్యార్థి ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, దాని మీద ఇంటి అద్దె భత్యం. ఆ భత్యం నగరం తరగతిని బట్టి ఉంటుంది, గుంటూరు, విజయవాడ రెండూ కేంద్రం లెక్కలో ‘వై’ తరగతి నగరాలే. ఆ అద్దె లెక్క మరిచిపోయి తర్వాత విద్యార్థికి తక్కువ ఇచ్చిన వాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి.

తోటలో ప్రయోగం ఉంటే ఇంకొక పద్దు తప్పనిసరి. అనంతపురం జిల్లాలో ఒక పెద్దాయన తోటకు వెళ్లాం. మందు కొట్టిన వరస, కొట్టని వరస పక్కపక్కన ఉండాలని చెప్పాను. ఆయన పందిరి కింద తువ్వాలు పరుచుకుని కూర్చుని అంతా విని, “కొట్టని వరస బూజుకి పోతే ఆ కాయ నాకు ఎవరిస్తారమ్మా?” అన్నాడు. నా బడ్జెట్‌లో దానికి జవాబు లేదు. మూడు పద్ధతులు, ఐదు పునరావృతాలు, ఒక్కోదానికి నాలుగు తీగలు అనుకున్నా 60 తీగలు, అందులో 20 తీగలకు మందు ఉండదు. ఆ 20 తీగల కాపు పోతే నష్టం రైతుదే. అప్పటినుంచి “రైతుకు పంట నష్టపరిహారం” అన్న పద్దు నా ప్రతి ప్రతిపాదనలో ఉంటుంది. ఆయనకు చదివి వినిపించిన తెలుగు ఒప్పంద పత్రం కూడా జత చేస్తాను.

వైన్ అయితే ఎక్సైజ్ అనుమతి

ద్రాక్ష రసంలో చక్కెర బ్రిక్స్‌ను 0.55తో గుణిస్తే సుమారుగా ఆల్కహాలు శాతం వస్తుంది. 18 బ్రిక్స్ రసం దాదాపు 10 శాతం అవుతుంది, వైన్‌కి కోసే 22 బ్రిక్స్ పండు 12 శాతం. చట్టం దృష్టిలో మీ ల్యాబ్ జాడీలో ఉన్నది మద్యమే. పరిశోధన కోసం, ఇన్ని లీటర్లు, ఈ గదిలో, పరీక్ష అయ్యాక ఇలా పారబోస్తాం అని రాసి సంస్థ అధిపతి సంతకంతో జిల్లా ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ కార్యాలయంలో ముందే అడగండి. ఆ దరఖాస్తు రసీదును ప్రతిపాదనకు జత చేస్తే చాలా ప్రశ్నలు అక్కడితో ఆగుతాయి. రుచి పరీక్ష పెడితే మనుషులు తాగుతారు కాబట్టి ఎథిక్స్ కమిటీ అనుమతి వేరుగా కావాలి. ప్రమాణాల కోసం ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో తెచ్చిన ఆల్కహాలు పానీయాల నిబంధనలు చూడండి.

సంతకాలు, సమర్పణ, ఇంటర్వ్యూ

సంస్థ ఆమోద పత్రం మీద సంతకానికి ఫైలు ఎన్ని బల్లలు తిరగాలో మీకు తెలుసు. గడువుకు నెల ముందే, ప్రతిపాదన పూర్తి కాకపోయినా, పేరు, మొత్తం ఖాయం చేసి ఆ పత్రం కదిలించండి. చివరి రోజు పోర్టల్ మొరాయిస్తుంది, రెండు రోజుల ముందే పంపేయండి.

సారాంశాన్ని ద్రాక్షతో సంబంధం లేని ఒక సహోద్యోగికి ఇచ్చి చదివించండి. ఆమెకు ప్రశ్న అర్థం కాకపోతే తిరగరాయండి. నేను మా కాలేజీలో లెక్కలు చెప్పే ఆవిడకు ఇస్తాను. ప్రయోగంలో పునరావృతాలు చాలవని పట్టుకునేది కూడా ఆవిడే.

ఇంటర్వ్యూకి పిలిస్తే ఒక ప్రశ్నకు సిద్ధంగా ఉండండి: “మన రాష్ట్రంలో వైన్ మీద పరిశోధన ఎందుకు?” తాగుడు వల్ల కూలిపోయిన ఇళ్లు మనందరికీ తెలుసు, దాన్ని తేలిగ్గా తీసేయకండి. నేను ఉన్నదున్నట్టు చెబుతాను. ధర పడిపోయినప్పుడు తీగ మీదే వదిలేసే పండుకు రసం, ఎండుద్రాక్ష, వెనిగర్, వైన్ అని నాలుగు దారులున్నాయి. ఈస్ట్ మీద నేను చేసే పని వెనిగర్‌కీ పనికొస్తుంది, ఎందుకంటే ముందు ఆల్కహాలు అయ్యాకే అది వెనిగర్ అవుతుంది. మీ పని నిజంగా వైన్ కోసమే అయితే అలాగే చెప్పండి, దాచొద్దు.

తిరస్కరిస్తే వ్యాఖ్యలు తెప్పించుకుని, ఒక్కోదాని పక్కన మీ జవాబు, మార్చిన పేజీ సంఖ్య రాసి మళ్లీ పంపండి. మంజూరైతే ఖర్చుల రిజిస్టరు మొదటి రోజు నుంచే రాయాలి, ఏడాది చివర ప్రభుత్వ ఆర్థిక నిబంధనల్లోని జీఎఫ్ఆర్ 12-ఏ నమూనాలో యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు దేనికి వాడామో చెప్పే పత్రం) పంపనిదే తర్వాతి విడత రాదు. ఆ రిజిస్టరు తెరవడానికి ముందే రైతుకు ఫోన్ చేసి, ఏ 60 తీగలో ఆయనతో కలిసి తిరిగి చూసి, నంబరు వేసిన రేకు బిళ్లలు కట్టి రండి. గుడ్డ పీలికలు కడితే ఒక్క వానాకాలానికే రంగు వెలిసి, ఏది ఏ వరసో తెలియకుండా పోతుంది.