గణిత విభాగంలో మొదటి సెమినార్ ఎలా ఇవ్వాలి?

గణితంలో సెమినార్ అంటే సాధారణంగా ఓ 50 నిమిషాలు మాట్లాడి, ఆపైన ఐదో పదో నిమిషాలు ప్రశ్నలకు ఇవ్వడం. ఆ 50 నిమిషాల్లో మీ పరిశోధన పేపరంతా చెప్పేయాలనుకుంటేనే చిక్కు. పేపరు కావాలంటే ఎవరైనా తీసి చదువుకుంటారు. గదికి వచ్చినవాళ్లకు ఒక ప్రశ్న, ఒక ఉదాహరణ, ఒక సిద్ధాంతం అందితే చాలు. మిగతాది ఎంత కోసేస్తే అంత మంచిది.

1. ఎవరు వస్తారో కనుక్కోండి. కొలోకియం (అందరికీ ఉద్దేశించిన ప్రసంగం) అయితే విభాగమంతా వస్తుంది, ఎమ్మెస్సీ పిల్లలతో సహా. మీ శాఖవాళ్ల సెమినార్ అయితే నిర్వచనాలు కొన్ని వదిలేయవచ్చు. అయినా నా అనుభవంలో, తెలిసిన నిర్వచనం మళ్లీ చెప్పారని విసుక్కున్నవాళ్లు తక్కువ.

2. శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్ (ప్రసంగ సారాంశం) ముందుగా పంపండి. నాలుగైదు వాక్యాలు చాలు. మెయిల్‌లో డాలర్ గుర్తుల మధ్య లేటెక్ కోడ్ (సూత్రాలు టైపు చేసే భాష) కనిపిస్తే చదివేవాళ్లకు అక్కడే ఓపిక పోతుంది.

3. ఉదాహరణతో మొదలుపెట్టండి. అసలు పని ఇక్కడే ఉంది. మీ అంశం సంఖ్యా విభజనలు అనుకుందాం. నిర్వచనం చెప్పకుండానే 4ను ఎన్ని రకాల కూడికగా రాయవచ్చో బోర్డు మీద రాయండి: 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. మొత్తం 5. ఇలాగే 9కి 30, 14కి 135. అన్నీ 5తో నిశ్శేషంగా పోతున్నాయి. చివరి అంకె 4 గానీ 9 గానీ అయితే ఎప్పుడూ ఇంతేనని రామానుజన్ 1919లో నిరూపించారు.

మరి ఆ విభజనలు వాటంతట అవే ఐదు సమాన గుంపులుగా విడిపోతాయా? ఈ ప్రశ్న వేసి ఒక్క క్షణం ఆగండి. తర్వాత 1944లో ఫ్రీమన్ డైసన్ చెప్పిన ఉపాయం చూపించండి. ప్రతి విభజనలో అతిపెద్ద భాగం నుంచి భాగాల సంఖ్యను తీసేయాలి. దీన్ని ర్యాంక్ అంటారు. పైన రాసిన ఐదింటికీ వరుసగా 3, 1, 0, −1, −3 వస్తాయి. 5తో భాగిస్తే శేషాలు 3, 1, 0, 4, 2. ఏదీ రెండోసారి రాలేదు! 4తో, 9తో ముగిసే ప్రతి సంఖ్యకూ ఇలా శేషాల ప్రకారం ఐదు సమాన గుంపులే వస్తాయన్నదాన్ని డైసన్ ఊహగానే వదిలారు. నిరూపణ 1954లో ఆట్కిన్, స్విన్నర్టన్-డయర్ ఇచ్చారు. ఇదంతా చెప్పడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. కూడిక, తీసివేత, భాగహారం వస్తే చాలు కాబట్టి గదిలో అందరూ మీతోనే ఉంటారు. మీ అంశంలో ఇలాంటి ఉదాహరణ ఏదో వెతకండి. వారం పట్టినా నష్టం లేదు.

4. ముఖ్య సిద్ధాంతాన్ని మొదటి పావుగంటలోనే రాయండి. చివరిదాకా దాచడానికి ఇది సస్పెన్స్ సినిమా కాదు. పాత ఫలితాలకు పేర్లు, సంవత్సరాలు రాయండి. ఏది మీదో, ఏది ఇతరులదో తేటగా తెలియాలి.

5. నిరూపణలో ఒక్క ఆలోచన చెప్పండి. లెమ్మాలన్నీ (నిరూపణకు మెట్లలాంటి చిన్న ఫలితాలు) వరుసగా చెప్పుకుంటూ పోతే మూడోదానికే జనం కిటికీ వైపు చూస్తారు. "ఇది చాలా తేలిక" అన్న మాట మాత్రం వద్దు. అర్థం కానివాళ్లు ఇక నోరు తెరవరు.

6. వీలైతే బోర్డే వాడండి. స్లైడ్లలో వేగం చేయి దాటిపోతుంది. సుద్దముక్కతో రాస్తుంటే వినేవాళ్లకు ఆలోచించే వ్యవధి దొరుకుతుంది. ఎడమ నుంచి మొదలుపెట్టండి. వెనక బెంచీకి కనిపించేంత పెద్దగా రాయండి. రాసేది పైకి చదవండి, రాశాక పక్కకు జరగండి. సిద్ధాంతం ఉన్న భాగం మీదకు డస్టర్ వెళ్లకూడదు.

7. ఖాళీ క్లాసురూములో ఒకసారి పూర్తిగా చెప్పి చూసుకోండి, ఫోన్‌లో టైమర్ పెట్టి. ఇంట్లో మనసులో అనుకుంటే టైము తెలియదు, ఎందుకంటే రాయడానికే సగం పోతుంది. 50 నిమిషాలు దాటిందంటే మాటల వేగం పెంచకండి, ఒక భాగం తీసేయండి.

8. ప్రశ్నలకు ముందే సిద్ధపడండి. పై ఉదాహరణకైతే ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది: "రామానుజన్ 5తో భాగించినట్టే 7తో, 11తో భాగించడానికి కూడా ఇలాంటివే చెప్పారు కదా, ర్యాంక్ అక్కడా పనికొస్తుందా?" 7కి వస్తుంది, 11కి రాదు. 11 కోసం క్రాంక్ అనే మరో కొలత ఉండాలని డైసనే ఊహించారు. దాన్ని 1988లో ఆండ్రూస్, గార్వన్ పట్టుకున్నారు. ఈ జవాబు జేబులో ఉంటే టెన్షన్ సగం తగ్గుతుంది. ప్రశ్నను ఒకసారి మీ మాటల్లో తిరిగి చెప్పి జవాబివ్వండి. తెలియకపోతే "తెలియదండీ, చూసి చెబుతాను" అనేయండి. పొడుగాటి ప్రశ్నలను టీ దగ్గరికి వాయిదా వేయండి. అక్కడ ఎవరైనా ఏదైనా పేపరు పేరు చెబితే, కప్పు కింద పెట్టి వెంటనే రాసుకోండి.