పల్లె మెథడిస్టు పాస్టరు వంశచరిత్రను వెదికే పద్ధతి

తెలంగాణ పల్లెల్లో సేవ చేసిన మెథడిస్టు పాస్టరు మనుమలు, మునిమనుమలు తమ వంశచరిత్ర వెదకాలనుకున్నప్పుడు సాధారణంగా మొదట ఆయన సొంత ఊరికి వెళతారు. అక్కడ దొరికేది తక్కువ. మెథడిస్టు సంఘాల్లో అయ్యగారు ఏ ఒక్క ఊరికీ చెందినవారు కారు. కొన్నేళ్లకొకసారి బదిలీ తప్పదు కనుక, పెద్దకొడుకు బాప్తిస్మం ఒక ఊళ్లో, చిన్నకూతురు పెళ్లి మరో ఊళ్లో, భార్య సమాధి ఇంకెక్కడో ఉంటాయి. అందువల్ల వంశవృక్షం గీయడానికి కూర్చునే ముందు ఆయన బదిలీల పట్టిక తయారు చేసుకోవాలి. ఏ సంవత్సరం ఏ ఊళ్లో ఉన్నారో తెలిస్తే, ఏ గుడి రిజిస్టరు తెరిపించాలో తెలుస్తుంది.

పట్టికకు పూనుకునే ముందు ఆయన ఏ మెథడిస్టు అన్నది తేల్చుకోవాలి. నిజాం రాజ్యంలో రెండు మెథడిస్టు మిషన్లు పనిచేశాయి. మెదక్, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో బ్రిటన్ నుంచి వచ్చిన వెస్లియన్ మిషన్, వికారాబాద్, తాండూరు, జహీరాబాద్ వైపు అమెరికా నుంచి వచ్చిన మెథడిస్టు ఎపిస్కోపల్ మిషన్ ఉండేవి. మొదటి దాని సంఘాలు 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సి.ఎస్.ఐ.లో కలిసిపోయాయి. రెండోది కలవలేదు, 1981 నుంచి మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా అన్న పేరుతో ఉంది. కాబట్టి మెదక్ పక్క పల్లెలో జీవితమంతా మెథడిస్టుగా గడిపిన ముత్తాత కాగితాలు ఈనాడు సి.ఎస్.ఐ. బోర్డు ఉన్న గుడిలో ఉంటాయి. మెథడిస్టు అని బోర్డు ఉన్న చోటల్లా తిరిగి, చివరికి నిరాశతో ఇంటికి చేరినవారు నాకు తెలుసు.

ఇంట్లో ఉన్న పాత ఉత్తరాలే దీన్ని తేల్చగలవు. వాటిలో సినడు (పాస్టర్ల వార్షిక సభ), సర్క్యూటు (ఒక మిషనరీ కింది ఊళ్ల గుంపు), చైర్మన్ అన్న మాటలు కనిపిస్తే వెస్లియన్ మిషన్ అనుకోవచ్చు. యాన్యువల్ కాన్ఫరెన్సు, డి.ఎస్. (డిస్ట్రిక్ట్ సూపరింటెండెంటు) గారు అన్న మాటలు ఉంటే అమెరికన్ మిషన్. బ్రిటిష్ మెథడిస్టుల్లో బిషప్పులు లేరు కనుక, 1947కు ముందరి ఉత్తరంలో “బిషప్పు గారు నన్ను ఫలానా ఊరికి వేశారు” అని ఉంటే ఆయన వెస్లియన్ కానట్టే.

బదిలీలకు అసలైన ఆధారం ఏటేటా జరిగే సభల నివేదికలు. అమెరికన్ మిషన్‌లో వార్షిక కాన్ఫరెన్సు నివేదికలో ఏ పాస్టరును ఏ ఊరికి నియమించారో అచ్చువేసేవారు. ఆ మిషన్ పాత కాగితాలు న్యూజెర్సీలోని డ్రూ విశ్వవిద్యాలయంలో ఉన్న అమెరికన్ మెథడిస్టుల కేంద్ర భాండాగారంలో వెదకాలి. వెస్లియన్ మిషన్ సినడు మినిట్స్ (సభల నిర్ణయాల నమోదు), మిషనరీల ఉత్తరాలు, ఫోటోలు లండన్‌లోని సోయస్ (SOAS) విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. అడిగేటప్పుడు ముత్తాత పేరుతో కాకుండా ఊరి పేరు, ఆ సర్క్యూటు మిషనరీ పేరు, సంవత్సరాలు రాసి అడగాలి. మన పేర్లను మిషనరీ దొరలు తమ చెవికి వినబడినట్టు రాసుకున్నారు కనుక ఒకే మనిషి మూడు రకాల అక్షరక్రమాల్లో కనిపించడం మామూలే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇంట్లో అందరూ “పాస్టరు తాత” అనే మనిషి కాగితాల్లో పాస్టరు కాకపోవచ్చు. పల్లెల్లో బడి చెప్పే పంతులే ఆదివారం ప్రసంగం చెప్పే ఉపదేశి. ఊరివాళ్లకు ఆయనే అయ్యగారు. అభిషేకం పొందని ఉపదేశి బాప్తిస్మం ఇవ్వకూడదు కాబట్టి రిజిస్టరులో సంతకం దూరం నుంచి వచ్చిన పాస్టరుదే ఉంటుంది. సంతకాల వరుసలో పేరు లేనంత మాత్రాన ఆయన ఆ ఊళ్లో లేరని తీర్మానించకూడదు. సాక్షుల వరుస, బడి హాజరు పట్టీలు, జీతాల లెక్కలు చూడాలి.

రిజిస్టరు చేతికి వచ్చాక తొందరపడి ఒక్క పేరు కోసం పేజీలు తిప్పవద్దు. బాప్తిస్మపు రిజిస్టరులో తేదీ, పేరు, తల్లిదండ్రులు, ఊరు, బాప్తిస్మం ఇచ్చినవారు అన్న గళ్లు ఉంటాయి. పెద్ద వయసులో బాప్తిస్మం పొందినవారికి పాత పేరు కూడా రాసి ఉంటే అదే మీకు నిధి. మల్లయ్య దేవదాసు అయిన రోజు అక్కడే తెలుస్తుంది. ఇంటిపేరు మాత్రం చాలావరకు మారదు. వంశాన్ని కలిపే దారం అదే. ఆ రోజు బాప్తిస్మం పొందిన కుటుంబాలన్నిటినీ వరుసగా రాసుకోండి. ఒకే వాడలో అన్నదమ్ములు, వియ్యంకులు కలిసి బాప్తిస్మం పొందడం సాధారణం కాబట్టి మీకు తెలియని ముత్తాత తమ్ముడు కింది పంక్తిలోనే ఉండవచ్చు. నేను చూసిన ఒక గుడిలో బీరువాలోని రిజిస్టరును చెదలు అంచుల నుంచి లోపలికి తిని, ఊరి పేర్లున్న గడిని మాత్రమే పోగొట్టాయి. అప్పటినుంచి ఎక్కడికి వెళ్లినా, సంఘ పెద్దల అనుమతి తీసుకుని, ప్రతి పేజీకీ ఫోటో తీసుకుని కాపీ ఆ సంఘానికే ఇచ్చి వస్తున్నాను.

సర్కారు కాగితాల్లో మరో చిక్కు ఉంది. నిజాం కాలపు రెవెన్యూ కాగితాలు ఉర్దూలో, ఫసలీ (ఆనాటి రెవెన్యూ శకం) సంవత్సరాల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. కానీ ఆ సంవత్సరం అక్టోబరులో మొదలవుతుంది కనుక ఫసలీ 1356 అంటే 1946-47 అని చదువుకోవాలి. ఇంకొకటి, 1956కు ముందు జహీరాబాద్, నారాయణఖేడ్ బీదర్ జిల్లాలోనూ, తాండూరు, కొడంగల్ గుల్బర్గా జిల్లాలోనూ ఉండేవి. ఆ వైపు పనిచేసిన పాస్టరు కోసం సంగారెడ్డి, వికారాబాదులతో ఆగకుండా కర్ణాటకలోని జిల్లా కేంద్రాల్లో కూడా విచారించాలి.

పాస్టరమ్మగారి పుట్టింటి వైపును చాలామంది వదిలేస్తారు; నిజానికి సులువుగా దొరికేది అదే. ఆమె మిషన్ బోర్డింగు బడిలో చదివి ఉంటే, అక్కడి అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు, ఊరు, చేరిన తేదీ ఉంటాయి. మిషనరీ దొరసానులు కుదిర్చిన పెళ్లిళ్లు ఎక్కువ కనుక, ఆమె బడి ఏదో తెలిస్తే ఆ సంబంధం ఎలా కుదిరిందో కూడా తెలియవచ్చు.

ఇంట్లోని పెద్దవాళ్లను అడిగేటప్పుడు “ఏ సంవత్సరం?” అని అడగకండి. “పెద్దమ్మా, రజాకార్ల గడబిడ నాడు మీరు ఏ ఊళ్లో ఉన్నారు? ఒకటో తరగతి ఏ గుడి బడిలో చదివావు?” అని అడిగితే, 1948లో కుటుంబం ఎక్కడుందో ఆమె మాటలోనే దొరుకుతుంది. ఆమె చెప్పే ఊళ్ల వరుసను నివేదికల్లోని వరుసతో పోల్చుకోండి. రెండూ కలవని చోట ముందు పెద్దమ్మ మాటనే నమ్మి వెదకడం నా అలవాటు; నియామకం ఒక ఊరికి అచ్చయినా కాపురం పక్క ఊళ్లో పెట్టిన సందర్భాలు ఉంటాయి.

కులం విషయంలో తొందర పనికిరాదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు తరువాత, క్రైస్తవుడని రాస్తే హక్కులు పోతాయన్న భయంతో, ఒకే ఇంట్లో బడి సర్టిఫికెట్టులో ఒక పేరు, గుడి రిజిస్టరులో మరో పేరు నిలిచిపోయాయి. అవి ఇద్దరు మనుషులని పొరబడకూడదు. బతికి ఉన్నవారి అటువంటి వివరాలను వారు ఒప్పుకుంటే తప్ప మరెవరికీ చూపకూడదు.

సమాధులను చివరికి ఉంచండి, ఎందుకంటే ఏ ఊరి సమాధుల తోటకు వెళ్లాలో అప్పటికి తెలుస్తుంది. ఉదయం ఏటవాలు ఎండలో వెళితే అరిగిపోయిన అక్షరాలు నీడతో పైకి తేలతాయి. సున్నమో సుద్దో రుద్దకండి, ఇనుప బ్రష్షు అసలు వాడకండి. మెత్తని చీపురుతో మట్టి తుడిచి, నీళ్లు చిలకరించి, పక్క నుంచి ఫోటో తీయండి. రాతి వెనక వైపు కూడా చూడండి. పేరు ముందు, చెక్కించిన కొడుకుల పేర్లు వెనక ఉండవచ్చు.